తమదా

మా గుర్జానీలో ఎవరింట విందైనా
బల్ల తలాపున మా నాన్నే.
తమదా అంటారు, విందుకు పెద్ద.
ఆయన గ్లాసు పట్టి మాట ఎత్తితే
సీకుల మాంసం చల్లారి కొవ్వు తెల్లగా పేరుకునేది,
ఎవరూ ఏమనేవారు కాదు.
ద్రాక్షతోటకి ఒక మాట, దాన్ని నాటినవాడికి ఒక మాట,
నాటినవాడి గాడిదకి కూడా ఒకసారి ఒక మాట.
జనం కళ్లు తుడుచుకుంటూ నవ్వేవాళ్లు.
నుగ్జారి నాలుక మీద తేనెపట్టు ఉందనేవాళ్లు.

నాలుక దాటాక ఏముందో
అమ్మకి తెలుసు, నాకు తెలుసు.

ఒక రొట్టెముక్క.
నలభైసార్లు నమిలినా దిగనిది.
రొమ్మెముక వెనక, ఇరుకు సందులో ఎడ్లబండిలా
ముందుకీ పోదు, వెనక్కీ రాదు.
ఊపిరికి అడ్డం కాదు, మాటకి అడ్డం కాదు,
కూటికే అడ్డం.
మింగలేక కక్కలేక
లేచి నిలబడేవాడు.
నిలబడి మాట్లాడేవాణ్ణి తినమని ఎవరంటారు?
అలా పుట్టాయి ఆ మాటలన్నీ.

పుల్లత్రేన్పులన్నారు మొదట. ఆమ్లం పైకి తంతోందన్నారు.
పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర,
తరవాత రెండేసి.
మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం;
తెల్లారేసరికి కాళ్లవైపు జారిపోయి ముడుచుకుని ఉండేవాడు.
టమాటా మానాడు, కాఫీ మానాడు.
మాత్రల రంగు మారింది, మంట మారలేదు.
తొమ్మిదేళ్లు.
"సరిగ్గా వేసుకుంటున్నావా?" అని డాక్టరు అడిగిన రోజు
ఖాళీ డబ్బాలన్నీ గోనెసంచిలో మోసుకెళ్లి
ఆయన బల్ల మీద గుమ్మరించింది అమ్మ.

బాబాయి జుంబెరి పెళ్లిలో మాటలు సాయం రాలేదు.
మాంసం ముక్క. ఉమ్మి కూడా దిగలేదు.
పెరట్లో సారా పీపాల పక్కన
ప్లాస్టిక్ బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
లోపల పాటగాళ్లు తమదా కోసం ఆగి ఉన్నారు.
పొలమారిందిరా, ఎవరో తలుచుకుంటున్నారు, అంటూ
నడినెత్తిన తట్టింది మేనత్త.
రెండు గంటల దారి, తిబిలీసి దాకా
బకెట్ ఒళ్లోనే.

అక్కడ నానులి అనే డాక్టరమ్మ తెర మీద చూపించింది.
నునుపుగా ఉండాల్సిన అన్నవాహిక
వలయాలు వలయాలుగా, నిలువునా దున్నిన చాళ్లుగా,
చాళ్లలో తెల్లటి నలుసులు.
ఎలర్జీ అంది.
కాపలాకి పుట్టిన కణాలు
తినే తిండినే దొంగనుకుని గోడల్లో మాటు వేశాయి.
పదిహేను కనిపిస్తేనే జబ్బంటారట,
ఒక్క అద్దం చూపులో అరవై రెండు.
"ఒక రొట్టెకి ఎన్ని గ్లాసులు తాగుతావు?" అని అడిగింది.
అంత జనం ముందు తడబడని నాన్న
నేల చూశాడు.

పాలు మానాడు, గోధుమ మానాడు.
కొన్ని వారాలకోసారి గొంతులోకి గొట్టం.
పాలు తిరిగొచ్చాయి, ఏమీ కాలేదు. జున్నుముక్క చూసి ఏడ్చాడు.
గోధుమ తిరిగొచ్చింది,
వలయాలూ తిరిగొచ్చాయి.

గోధుమ!
మా అమ్మ ఎతేరి, మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి
గోడకి రొట్టెలు చరిచే మనిషి.
ఆ రాత్రి ఏమీ అనలేదు.
మర్నాడు మొక్కజొన్నపిండి కలిపింది, విరిగింది.
పిండిని తిట్టింది, పిండి అమ్మినవాణ్ణి తిట్టింది.
ద్రాక్షరసంలో ముంచే అక్రోటు దండల్లోనూ
గోధుమపిండే కదా అని గుర్తొచ్చి
నాన్నని తిట్టింది.

ఇప్పుడు నాన్న తింటాడు.
పడుకోబోతూ తేనెలో కలిపిన మందు మింగి
అరగంట నీళ్లు ముట్టడు.
మాటలు పొట్టివయ్యాయి.
"శాంతికి" అంటాడు, కూర్చుంటాడు,
గిన్నె దగ్గరికి లాక్కుంటాడు.
నుగ్జారి ముసలాడైపోయాడని వాలికో గొణుగుడు,
ఆ గాడిద మాట ఏదయ్యా అని.

మొన్న పోయినవాళ్ల వంతు వచ్చింది.
నాన్న లేచాడు. వాళ్లమ్మ పేరెత్తాడు.
ఎత్తి, ఆగాడు.
అమ్మ చెయ్యి నీళ్లగ్లాసు మీదికి పోయింది.
నా కళ్లు బకెట్‌ని వెతికాయి.

గొంతులో ఏమీ లేదు.
అయినా ఆగాడు.
మాంసం చల్లారుతోంది.